దారి ప్రక్కన పడియున్నవాడు

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం మన సండే స్కూలు పిల్లలకు సైతం తెలుసు. యాజకుడు, లేవీయుడు ప్రక్కగా పోయారని విన్నప్పుడెల్లా "ఎంత కఠిన హృదయులు!" అనుకుంటాం. కారణం కాఠిన్యం ఒక్కటేనా?

జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాలలో చేసిన పరిశీలన 1973లో అచ్చయింది. దైవసేవకు సిద్ధపడుతున్న 40 మంది విద్యార్థులను ఒక్కొక్కరినే ప్రక్క భవనానికి వెళ్ళి ప్రసంగించమన్నారు. వారిలో కొందరికిచ్చిన అంశం ఈ ఉపమానమే! త్రోవలో ఒక మనిషి తల వాల్చి, దగ్గుతూ, మూలుగుతూ ఉండేలా ముందే ఏర్పాటు చేశారు. తీరిక ఉన్నవారిలో 63 శాతం ఆగి సాయపడ్డారు. "ఆలస్యమైంది, త్వరగా వెళ్ళండి" అనిపించుకున్నవారిలో ఆగింది 10 శాతమే. ఉపమానం గురించే మాట్లాడబోతున్నా పెద్ద తేడా కనబడలేదు. తొందర మనిషి చూపును అంతగా కుదించివేస్తుంది.

మన సంగతి చూద్దాం. ఇచ్ఛాపురం నుండి భోగాపురం దాకా మన ఊళ్ళ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. బండి మీదనుంచి పడినవాడు రోడ్డంచున ఉంటే, ఒకరికి బస్సు తప్పిపోతుందని తొందర, మరొకరికి ఆరాధనకు వేళయిందని తొందర. గుంపు చేరితే "ఎవరో ఫోను చేసే ఉంటారులే" అని ఎవరికి వారే అనుకుంటారు. దానికి తోడు, పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయం.

ఆ భయం ఇక అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ సదుద్దేశంతో ఆదుకున్నవారికి రక్షణ కల్పించాయి. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.

మిగిలింది మన అలవాటు. మంచి మనసు ఉంటే చాలదు, మంచి పనికి కాస్త సమయం కూడా మిగుల్చుకోవాలి. పావుగంట ముందే ఇల్లు కదలండి. గుంపులో ఉంటే ఒకరిని చూపి "తమ్ముడూ, నువ్వు 108కి ఫోను చెయ్యి" అని పని అప్పగించండి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన వేళ పిల్లలతో ఈ విషయం మాట్లాడండి.

సమరయుడు కూడా ప్రయాణికుడే. అతనికీ చేరవలసిన ఊరు ఉన్నది. పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చాకే తన దారిన వెళ్ళాడు.