మూలబడిన వీణ మరల మ్రోగవలెను

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో అనేకముల యందు పాత వీణ యొకటి కలదు. అది ముత్తవ్వ పుట్టినింటినుండి తెచ్చుకొన్నదో, మేనత్త నేర్చుకొన్నదో, తాతగారు తంజావూరులో చేయించినదో అయి యుండును. నేడు అది కొన్ని యిండ్లలో గోడకు వ్రేలాడుచున్నది. కొన్నింట అద్దాల బీరువాలో నున్నది. మరికొన్నింట అటకమీద పాత పరుపుల నడుమ పడియున్నది. అద్దాల బీరువా గౌరవమనియు, అటక అగౌరవమనియు లోకము తలచును. మేము అట్లు తలపము. మ్రోగని వీణ ఎచ్చట నున్నను మూలబడిన వీణయే. దానిని బాగుచేయించి, తీగెలు వేయించి, మేళము కట్టించి, ఇంటిలో నొకరిచేత మీటించుట మన విధి. ఈ విధిని దాటవేయుటకు మనము చెప్పుకొనుచున్న సాకులను ఒక్కొక్కటిగా పరీక్షించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా ఈ వాద్యముతో మనకు గల సంబంధమును జ్ఞప్తికి తెచ్చుకొందము. 24 మెట్లను మైనములో కదలకుండ నిలిపి, ఏ రాగమునైనను మెట్టు జరుపకయే వాయించుటకు వీలైన నేటి వీణ 17వ శతాబ్దమున తంజావూరు నాయకరాజుల ఆస్థానమున స్థిరపడినదని సంప్రదాయము చెప్పుచున్నది. రఘునాథనాయకుడు తెలుగున కావ్యములు రచించిన రాజు, స్వయముగా వైణికుడు. 'రఘునాథేంద్ర మేళవీణ' యని ఆయన పేరు సంగీతశాస్త్రమున నిలిచినది. ఆయన మంత్రి గోవిందదీక్షితులు కన్నడ కుటుంబమువాడు. రాజు తెలుగువాడు, మంత్రి కన్నడిగుడు, నేల తమిళనేల. ఇట్టి సంగమమున రూపు దాల్చిన వాద్యమును ఒక్క భాషవారి సొత్తని మేము వాదింపము. కాని పరభాషల నడుమ తెలుగువారు ఎట్లు బ్రదికిరో, ఏమి ఇచ్చిరో, ఏమి పుచ్చుకొనిరో చెప్పుటకు ఇంతకంటె మంచి సాక్షి మరొకటి లేదు.

ఇంకొక సంబంధము కలదు. అది మరింత దగ్గరిది. మన పిల్లలు తెలుగు చదువలేకున్నారని ప్రతి సభలోను వాపోవుచున్నాము. వైణిక సంప్రదాయమున ఒక నియమము కలదు: కీర్తన వాయించునపుడు సాహిత్యాక్షరము పడిన చోట మీటు పడవలెను, అక్షరమునకు నడుమ నడచు స్వరములను మీటకయే, తీగెను లాగియో, వ్రేలిని జార్చియో పలికింపవలెను. కావున త్యాగరాజస్వామి కీర్తనను వీణపై వాయింపగోరు బాలిక ఆ తెలుగు మాటలను నోట పలుకక తప్పదు. ఏ పదము ఎచ్చట విరుగునో, ఏ అచ్చు దీర్ఘమో, ఏది హ్రస్వమో ఆమె వ్రేళ్లకు తెలియవలెను. తిరువయ్యారులో నివసించి 1847లో సిద్ధి పొందిన ఆ మహానుభావుని తెలుగును, ఇంట తమిళము మాటలాడు కుటుంబములు సైతము ఇట్లే నేటివరకు నిలిపినవి. తెలుగు మాతృభాషగా గల మన యింట ఆ వీణ మూగయై యుండగా, తెలుగు నిలువలేదని దుఃఖించుట ఏమి న్యాయము?

ఇక సాకుల సంగతి. మొదటిది భక్తి. "మా వీణ పూజలో నున్నది, నవరాత్రులలో సరస్వతీపూజనాడు దింపి, పసుపు కుంకుమలు పెట్టి, మరల యథాస్థానమున నుంచెదము" అని గర్వముతో చెప్పువారు కలరు. పూజను మేము కాదనము. కాని ఏడాదికొకనాడు బొట్టు పెట్టి, తక్కిన దినములలో పలుకరింపకుండుటను ఇంటి పెద్దవారి విషయమున మనము గౌరవమందుమా? పైగా తడిచందనము, పసుపునీరు, నూనెదీపపు మసి పాతకర్రకు మేలు చేయవు. తడి అతుకులలోనికి దిగును. లోహపు మెట్లకు చిలుము పట్టును. వీణకు చేయదగిన పూజ వాదనమే.

రెండవది, "ఇంట వాయించువారు లేరు, బాగుచేయించి ఏమి ప్రయోజనము?" అనునది. ఇది కార్యకారణములను తారుమారు చేయు వాదము. వాయించువారు లేక వీణ పాడగుట నిజమే. కాని పాడైన వీణ యున్నందుననే వాయించువారు పుట్టకుండుటయు అంతే నిజము. తీగె తెగి, మైనము పగిలిన వాద్యమును చూచి ఏ బిడ్డకు నేర్వవలెనను కోరిక కలుగును? శ్రుతి చేసి చాపమీద నుంచిన వీణను దాటిపోవు బిడ్డ ఒక్కసారియైనను తీగె మీటకుండునా? విద్వాంసులు కావలెనని మేము కోరుట లేదు. వీణ ధనమ్మాళ్ (1867–1938) చెన్నపట్టణమున శుక్రవారపు సాయంకాలములలో తన యింటనే వాయింపగా, గొప్ప గొప్ప విద్వాంసులు వచ్చి కూర్చుండి వినెడివారు. వీణ స్వభావము చేతనే గృహవాద్యము. దానికి వేదికయు, ధ్వనివర్ధకమును అక్కరలేదు. నిశ్శబ్దమైన ఒక గదియు, ఓపిక గల ఒక వ్యక్తియు చాలును.

మూడవది లెక్కలవారి సాకు. "పాతదానికి వ్యయము చేయుటకంటె క్రొత్తది కొనుట మేలు గదా!" అందురు. క్రొత్త వీణ చేయువారిని మేము నిరుత్సాహపరుపము. వారికి పని దొరకవలెను. కాని క్రొత్తది కొనుట పాతదానిని పారవేయుటకు కారణము కాజాలదు. వీణకు పనసకర్ర శ్రేష్ఠము. తంజావూరు శిల్పులు పణ్రుట్టి ప్రాంతపు పనసను ఏరి తెచ్చుకొందురు. తెచ్చిన కర్రను ఆరబెట్టిన పిదపనే పనికి తీసికొందురు. మన యింటి వీణలోని కర్ర యన్ననో, అర్ధశతాబ్దముగానో అంతకు మించియో ఆరియున్నది. అందులోను కుండ, దండి, యాళిముఖము అన్నియు ఒకే మాను నుండి తొలిచిన ఏకాండవీణ యైనచో, అంతటి పెద్ద మాను నేడు సులభముగా లభింపదు. ఇట్టిదానిని చెదలకు విడిచిపెట్టి అంగడికి పోవుట పొదుపు కాదు, వ్యర్థవ్యయము.

నాల్గవది సాకు కాదు, అపచారము. దీనిని గూర్చి విపులముగా చెప్పవలసి యున్నది; ఏలయన ఉపేక్షచే చెడిన వీణలను బాగుచేయవచ్చును గాని, ఉత్సాహముచే చెడిన వీణలను బాగుచేయుట దుర్లభము. కొందరు పాతవీణను దింపి, ఇసుకకాగితముతో గీకించి, మిలమిలలాడు వార్నిషు పూయించి, దంతపు నగిషీ ఊడదీయించి ప్లాస్టికు అతికించి, "పునరుద్ధరించితిమి" అని సంతసించుచున్నారు. ఇంకొందరు విద్యుత్పరికరము బిగించుటకై కుండమీది పలకకే రంధ్రము తొలిపించుచున్నారు. ఇది పునరుద్ధరణము కాదు. పాత శిల్పి సంతకమును చెరిపివేయుట. బాగుచేయుట యనగా క్రొత్తదానివలె కనబడునట్లు చేయుట కాదు. మునుపటివలె పలుకునట్లు చేయుట.

ఇందులకు సూత్రము సులభము. వీణలో కొన్ని భాగములు అరుగుటకే ఏర్పడినవి. కొన్ని నిలుచుటకు ఏర్పడినవి. తీగెలు, మైనము, మెట్లు, అవసరమైనచో సొరకాయబుర్ర, ఇవి కాలక్రమమున మార్చదగినవి. కుండ, దండి, పలక, యాళిముఖము, నగిషీ, ఇవి మార్చరానివి. గుర్రము ఈ రెంటికి నడుమ నున్నది; కావున దాని విషయమున మిక్కిలి జాగరూకత వహింపవలెను. గుర్రముపై నున్న లోహపు పలక చదునుగా నుండదు. సన్ననైన వంపు కలిగియుండును. తీగె కంపించునపుడు ఆ వంపును తాకుచు విడుచుచుండుట చేతనే వీణకు ఆ నిండైన నాదము కలుగును. బాల్యమున విశాఖపట్టణమున చదివిన సర్ సి. వి. రామన్ 1921లో ప్రకటించిన పరిశోధనలో, వీణాతంబురాల గుర్రముల ఈ నిర్మాణము వలననే, పాశ్చాత్యశాస్త్రజ్ఞుల నియమము ప్రకారము వినబడరాని అనుస్వరములు సైతము వినబడుచున్నవని నిరూపించెను. అట్టి పలకను తెలియని చేతులు ఆకురాయితో ఒక్కసారి చదును చేసినచో, ఆ వీణ నాదము పోయినదన్న మాటయే.

కావున పని యొక క్రమమున జరుగవలెను. దేనిని విప్పకముందే వీణను నలువైపుల ఛాయాచిత్రములు తీయించి, మేరువునుండి గుర్రము వరకు గల దూరమును, మెట్ల స్థానములను వ్రాసి యుంచుకొనవలెను. పాత తీగెలు బిగువుగా నున్నచో మెల్లగా సడలింపవలెను. పిదప దండి వంగినదా, దండికి కుండకు నడుమ అతుకు వదలినదా, పలకకు బీట పడినదా, పురుగు తొలిచిన పొడి రాలుచున్నదా యని పరీక్షింపవలెను. పొడిగుడ్డతో దుమ్ము తుడువవలెనే గాని నీరు, నూనె తగులనీయరాదు. జారిపోవు బిరడలను వెంటనే పారవేయక, వాని రంధ్రములకు సరిగా కూర్చునట్లు చేయింపవలెను. తీగెలు వేయునపుడు సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అను నాల్గింటిని, ప్రక్కనుండు మూడు తాళపు తీగెలను ఒక్కనాడే పూర్తిశ్రుతికి బిగింపరాదు. ఎన్నో యేండ్లు బరువు మోయని దండికి కొన్ని దినముల వ్యవధి నీయవలెను. చిట్టచివర మేళము కట్టవలెను. తేనెమైనమున నల్లపొడి కలిపి, దానిలో 24 మెట్లను ఒక్కొక్కటిగా చెవితో విని నిలుపు ఈ పని ఏ కొలబద్దకును పూర్తిగా లొంగదు. తీసివేసిన పాతభాగము ఎంత చిన్నదైనను ఒక మూటలో కట్టి వీణతోనే యుంచవలెను. రేపటి శిల్పికి అది పాఠము.

ఐదవ మార్గము విక్రయము. పురాతన వస్తువుల వర్తకులు ఇంటింటికి వచ్చి అడుగుచున్నారు. వారు కొన్నది వసతిగృహముల ముందుగదులలో అలంకారమగుచున్నది. వంశపు వీణను నేర్చుకొను విద్యార్థికి ఇచ్చినవారిని మేము కొనియాడెదము. అలంకారమునకు అమ్మినవారిని సమర్థింపజాలము. పైగా పాతవీణల నగిషీలో ఏనుగుదంతము ఉండుట కద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986లో జరిగిన సవరణచే దేశమున దంతవ్యాపారము నిషిద్ధమైనది. ఈ సంగతి తెలియక అమ్మబూనువారు చిక్కులలో పడుదురు. అట్టి వీణ గలవారు అటవీశాఖవారి వలన విషయము తెలిసికొని నడచుకొనుట మేలు.

"బాగుచేయువారెచ్చట?" అను ప్రశ్న మిగిలినది. తమిళనాట నున్నవారికి తంజావూరు కలదు. ఒడిషాలోని మనవారికి, యానాము వారికిని బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి కలదు. అచ్చటి శిల్పులు పనసమాను నుండి ఏకాండవీణలు తొలుచుటలో ప్రసిద్ధులు. కర్ణాటకమున వీణ శేషన్న (1852–1926) పేరుతో వెలసిన మైసూరు సంప్రదాయము కలదు. అచ్చటి విద్వాంసుల నడిగినచో తగిన పనివారు తెలియుదురు. మహారాష్ట్రమున మిరజు సితారులకు, తంబురాలకు పేరుపొందినది. అచ్చటివారికి గుర్రపు వంపు మర్మము తెలియును గాని, మేళము కట్టుటకు వీణశిల్పియే కావలెను. బొబ్బిలి, తంజావూరు వీణలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినందుకు మనమందరము హర్షించితిమి. కాని గుర్తింపుపత్రము అన్నము పెట్టదు. పని యిచ్చినపుడే పనితనము నిలుచును. చెవితో మేళము కట్టు విద్యను తండ్రి కొడుకునకు నేర్పవలెనన్న, మేళము కట్టవలసిన వీణలు అతని గుమ్మము చేరవలెను. మన అటకలమీద నున్నవి అవియే.

ఇందు తెలుగు సంఘములు చేయదగినది ఎంతయో కలదు. ప్రతి యూరి సంఘమును తన సభ్యుల యిండ్లలోని వీణల పట్టిక వ్రాయించుగాక. ఏడాదికొకసారి శిల్పి నొకరిని రప్పించి, వసతి కల్పించి, పది వీణలు ఒక్కచోట బాగుచేయించుగాక. ఒక్కొక్క కుటుంబమునకు ప్రయాణవ్యయము తగ్గును, శిల్పికి నికరమైన పని దొరకును. వాయించువారు లేని యింటి వీణను, వీణ లేని విద్యార్థికి ఎరువుగా ఇప్పించు పూచీ సంఘము వహించుగాక. ఉగాదిసభలో అతిథులకు శాలువలు కప్పు సమయమున కొంత తగ్గించి, బాగైన వీణపై ఒక్క తెలుగు కీర్తన వినిపించుగాక. వాయించునది పదేండ్ల పిల్లయైనను సరియే. తప్పులు పోయినను సరియే.

ఇవన్నియు చిన్న పనులు. కుండ, దండి, బిరడ, మేళము, సారణి, మీటు అను మాటలు నేటికిని శిల్పుల నోట, వైణికుల నోట బ్రదికియున్నవి. ఆ మాటలు మన పిల్లల నోట కూడ బ్రదుకుటకు నిఘంటువు చాలదు. చేతికి అందునంత దూరమున ఒక వీణ కావలెను. తెలుగు మన యింటినుండి పోవుచున్నదని పొరుగువారినో, ప్రభుత్వములనో నిందించుటకు ముందు, అటకకు నిచ్చెన వేయుదము. అచ్చట మన పెద్దలు విడిచిపోయిన తెలుగు తీగెలు లేక పడియున్నది. దానికి తీగెలు వేయించుట ఒకరు చేసి పెట్టవలసిన పని కాదు, మనదే.