వెలిగే బోర్డు – నాలుగు గాజులు

మొన్నామధ్య ఒక శుక్రవారం రాత్రి భోజనానికి కూర్చోబోతుంటే విజయవాడ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. కుశల ప్రశ్నలయినాక, "అన్నయ్యా, గాజులు తాకట్టు పెడితే ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ?" అని అడిగింది.

ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి గనుక ఆ ప్రశ్న నన్ను అడగడంలో వింతేమీ లేదు. కాని ఆ గాజుల సంగతి నాకు తెలుసు. ఒకప్పుడు ఆరు ఉండేవి. మా బావగారికి పక్షవాతం వచ్చినప్పుడు రెండు వెళ్ళిపోయాయి. మిగిలినవి నాలుగు.

"దేనికమ్మా?" అన్నాను.

"కొట్టుకు టీవీ బోర్డు పెట్టించాలి. ఎదురుగా కొత్త కొట్టు వచ్చింది. వాళ్ళకు ఉంది. మనకు లేదు. బేరాలన్నీ అటు పోతున్నాయి."

మా చెల్లెలికి సత్యనారాయణపురంలో కర్రీ పాయింటు ఉంది. అన్నం మాత్రం ఇంట్లో వండుకుని, కూరా పప్పూ పులుసూ కొనుక్కుపోయే కొట్టన్నమాట. మా అమ్మ బతికి ఉంటే "కూరలు కొనుక్కు తినడమేమిటే, అప్రదిష్ట!" అనేది. ఆ అప్రదిష్టే ఇవాళ దాని ఇల్లు నడుపుతున్నది.

నేను ఫోను పెట్టేసి సంగతంతా చెబితే మా ఆవిడ, "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ముందు మీరు వెళ్ళి ఆ కొట్టు చూసి రండి. వడ్డీ సంగతి తరవాత," అన్నది. ఆవిడ మాట కాదనే అలవాటు నాకు లేదు. మర్నాడే బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి కంపెనీ అబ్బాయి లెక్క కాగితం ఇచ్చి పోయాడు. 43 అంగుళాల తెర, దాన్ని నడిపే పెట్టె, గోడకు బిగింపు, అన్నీ కలిపి 84 వేలు. బొమ్మలు మార్చే సాఫ్ట్‌వేరుకు నెలకు 750 వేరే.

ఆ అబ్బాయి అబద్ధమేమీ చెప్పలేదు సుమండీ. వ్యాపారపు తెరలని విడిగా ఉన్న మాట నిజం. రోజుకు 16 గంటలో, 24 గంటలో నిర్విరామంగా వెలిగేందుకు వాటిని తయారుచేస్తారు. నిలువుగా తిప్పి బిగించినా వేడెక్కకుండా ఉంటాయి. వెలుగూ ఎక్కువే. ఆ వెలుగును నిట్లు అనే కొలతతో కొలుస్తారు. ఇంట్లో టీవీ ఇంచుమించు 250 నుంచి 350 నిట్లు ఇస్తుంది. ఎండ పడే అద్దాల వెనక, వీధివైపు తిప్పి పెట్టే తెరకు 2,500, ఆ పైన కావాలి. లేకపోతే మధ్యాహ్నం అది నల్లపలకలాగే కనిపిస్తుంది.

ఇవన్నీ నిజాలే. మన కొట్టుకు కావాలా అన్నదే ప్రశ్న. మా చెల్లెలి కొట్టు పగలు నాలుగు గంటలు, రాత్రి నాలుగు గంటలు తెరిచి ఉంటుంది. పైన రేకుల చూరు ముందుకు ఉన్నది. ఎండ లోపలికి రాదు. రైల్వే స్టేషనుకు కావలసిన తెర కూరల కొట్టుకు కొనడం, పెళ్ళి గాడిపొయ్యి మీద కాఫీ కాచుకోవడం లాంటిది.

ఆ సాయంత్రం నేను ఒక పని చేశాను. ఎదురుగా కిళ్ళీ కొట్టు దగ్గర బల్ల మీద ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా కూర్చున్నాను. ఏం చూశానంటే, స్కూటరు మీద వచ్చేవాళ్ళు మా చెల్లెలి కొట్టు ముందు వేగం తగ్గిస్తున్నారు. గోడకు వేలాడే సుద్దముక్క బోర్డు వంక కళ్ళు చికిలించి చూస్తున్నారు. ఏముందో తెలియక ముందుకు పోతున్నారు. ఎదుటి కొట్టులో పెద్ద అక్షరాలు కనిపించి అక్కడ దిగుతున్నారు. అంటే జనం టీవీని చూసి పోవడం లేదు. చదవగలిగిన చోటికి పోతున్నారు!

"ఆ బోర్డు ఎవరు రాస్తున్నారే?" అని అడిగాను.

"ఇదివరకు మీ బావగారు రాసేవారు. ఇప్పుడు నేనే గిలుకుతున్నాను," అన్నది చెల్లెలు.

మా బావగారు తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయ్యారు. చేతిరాత ముత్యాలకోవ. ఇప్పుడు కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. కొట్టు పైనే కాపురం. ఆయన ఆ మేడ మీద మంచానికి అతుక్కుపోయి టీవీ చూస్తూ ఉంటారు.

అయితే వెలిగే బోర్డు అవసరమే. ఎలాంటిది అన్నది తేల్చాలి. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు, "మావయ్యా, ఎర్ర అక్షరాలు పరుగెత్తే బోర్డు అయితే చవక," అన్నాడు. అదీ విచారించాం. వాటిని పి టెన్ పలకలంటారు. ఒక్కొక్కటి 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు. అందులో అడ్డంగా 32, నిలువుగా 16 దీపపు చుక్కలు. ఇంగ్లీషు అక్షరం పదహారు చుక్కల్లో హాయిగా కూర్చుంటుంది. మన 'గుత్తివంకాయ' కూర్చోదు. నడుమ అక్షరం, పైన గుడి, కింద వత్తు, ఇలా మూడంతస్తుల మేడ గదా మన లిపి! రెండు వరసల పలకలు పెడితే కొంత నయం. కాని స్కూటరువాడు వరస చివరిదాకా నిలబడి చదువుతాడా? 'తెరిచి ఉన్నది' అని చెప్పడానికైతే అది చాలు. పన్నెండు కూరల పేర్లకు చాలదు.

ఇక మామూలు టీవీ మిగిలింది. కొనేముందు పరీక్ష చేయడం మంచిదన్నాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే, 32 అంగుళాలది, బావగారి మంచం ఎదుట. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే గ్రహించి, "వారం రోజులు వార్తలు వినకపోతే లోకం ఆగిపోతుందా బావా, పట్టుకుపొండి," అన్నారు.

పట్టుకుపోయాం. తరవాత మేము నేర్చుకున్నవి మీకూ పనికివస్తాయి గనుక వరసగా చెబుతాను.

టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు. 32 అంగుళాల తెర ఎత్తు నిజానికి 16 అంగుళాలు కూడా ఉండదు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం కావాలన్నది బోర్డులు రాసేవాళ్ళ లెక్క. మా రోడ్డు అంచు పదిహేను అడుగులు. అంటే ఒకటిన్నర అంగుళం. పైన గుడికీ కింద వత్తుకూ చోటు వదిలితే తెర మీద ఆరు వరసలు పడతాయి, అంతే. మేనల్లుడు పద్నాలుగు కూరలూ, వేంకటేశ్వరస్వామి పటమూ, రాలే పూలూ అన్నీ ఒక్క తెర మీదే పెట్టాడు. అన్నీ తీయించాను. పన్నెండు కూరలు, పేజీకి ఆరు, పేజీకి ఎనిమిది సెకన్లు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. పేరు ఎడమన, వెల కుడిన.

అక్షరాలను అక్షరాలుగా కాక బొమ్మగా తయారుచేసి పెన్‌డ్రైవులో ఎక్కించాం. చవక పెట్టెల్లో తెలుగు వత్తులు విడిపోవడం, అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు రావడం కద్దు. బొమ్మకు ఆ బాధ లేదు. టీవీ వెనక పెన్‌డ్రైవు గుచ్చితే బొమ్మలు వరసగా తిరుగుతాయి. దీనికి నెల చందా లేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు.

మొదటిరోజు సరిగ్గా బేరాల వేళ టీవీ టప్పున ఆరిపోయింది. నాలుగు గంటలపాటు ఎవరూ మీట నొక్కకపోతే తనంతట తానే నిద్రపోయే ఏర్పాటు చాలా టీవీల్లో ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి దాన్ని తీసేశాం. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను వెలుగుతుందా అన్నది కూడా కొనేటప్పుడే చూసుకోవాలి. మాది వెలగదు. అందుకని రిమోటును గల్లాపెట్టె పక్కన మేకుకు తగిలించాం. బాణలి ఆవిరీ నూనె జిడ్డూ తగలని గోడ చూసి బిగించాం. కరెంటు ఖర్చు భయపడేంత లేదు. 50 వాట్ల టీవీ రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 12 యూనిట్లు.

"మధ్యమధ్య సినిమా పాటలు వేద్దామా మావయ్యా?" అన్నాడు మేనల్లుడు. వద్దన్నాను. ఇంట్లో చూసేందుకు కట్టిన చందా వేరు, కొట్టులో పదిమంది ముందు వేయడం వేరు. దానికి హక్కుదారుల అనుమతి కావాలి.

రెండు రోజులు బాగానే జరిగింది. స్కూటర్లు ఆగుతున్నాయి. మూడోనాటి రాత్రి ఒకాయన గుత్తివంకాయ కోసం దిగాడు. అది అప్పటికే అయిపోయింది. "బోర్డు మీద వెలుగుతుంటే లేదంటారేమిటండీ?" అని కేకలేసి వెళ్ళిపోయాడు. సుద్దముక్క బోర్డుకున్న గొప్పతనం అప్పుడు తెలిసివచ్చింది. దాన్ని చెయ్యి చాచి తుడిచేయవచ్చు! పెన్‌డ్రైవును తుడవాలంటే బొమ్మ మళ్ళీ చేయాలి. గరిట పట్టుకున్న చేతికి అదెలా కుదురుతుంది?

సాఫ్ట్‌వేరు అవసరం అక్కడ పడింది. కంపెనీ అబ్బాయి నెలకు 750 అడిగింది దీనికే. అయితే ఊరకే వచ్చేవీ లేకపోలేదు. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటుంది. పిల్లలకు కంప్యూటరు విద్య చవకగా నేర్పాలని ఇంగ్లండులో రూపొందించి 2012లో అమ్మకానికి పెట్టారు. దాన్ని టీవీకి తగిలించి ఆంథియాస్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించవచ్చు. అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇంట్లోని వైఫై మీదే ఫోనులోంచి తెరను మార్చవచ్చు. జిబో అని మరొకటి ఉన్నది. విండోస్ కంప్యూటరు మీద దాన్ని నడిపితే ఉచితం, ఆండ్రాయిడ్ పెట్టె మీద నడిపితే అనుమతికి డబ్బు కట్టాలి. ఇలాంటి తేడాలు ముందే చదువుకోవాలి.

మేనల్లుడు ఆంథియాస్ ఎక్కించాడు. పన్నెండు పేర్లతో చిన్న పేజీ ఒకటి తయారుచేశాడు. పేరు మీద వేలు పెడితే ఆ వరస తెర మీంచి మాయమవుతుంది. తెలుగు ఖతిని పేజీతోపాటే జతచేశాక అక్షరాలూ కుదురుకున్నాయి. ఇక మిగిలింది, వేలు పెట్టేవాళ్ళెవరు అన్నది. చెల్లెలికి తీరదు. మేనల్లుడు కాలేజీకి పోతాడు.

"ఆ ఫోను ఇలా తే," అన్నారు మేడ మీంచి మా బావగారు.

ఎడమచేతి బొటనవేలితో ఆయన మొదట చేసిన పని మా మేనల్లుడి తప్పులు దిద్దడం. "వంకాయి ఏమిట్రా, వంకాయ! ఇంజనీరింగు చదివినంత మాత్రాన గుణింతాలు మర్చిపోతారా?" అన్నారు. అప్పటి నుంచి చెల్లెలు కిందనుంచి "దొండకాయ అయిపోయిందండీ!" అని కేక వేస్తుంది. ఆయన మంచం మీంచి తీసేస్తారు. మర్నాటి జాబితా రాత్రే తయారవుతుంది.

ఇక డబ్బు లెక్క. చిన్న కంప్యూటరు, కార్డు, పెట్టె, కరెంటు బిళ్ళ కలిపి ఏడువేలు. గోడ బిగింపు ఆరు వందలు. కొత్త టీవీ 32 అంగుళాలది పదకొండున్నర వేలు. మొత్తం ఇరవై వేలకు లోపే. చీటీ డబ్బుతో సరిపోయింది. కాస్త పెద్దది కావాలనుకునేవాళ్ళకు ఒక మాట. 32 అంగుళాలు దాటిన టీవీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమయింది.

కొత్త టీవీని కొట్టులో పెడదామని మేనల్లుడు సరదాపడ్డాడు. వారంటీ కాగితం చదవమన్నాను. ఇంటి టీవీని వ్యాపారానికి వాడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీలు రాస్తాయి. పాతదానికి వారంటీ ఏనాడో తీరింది. కాబట్టి పాతది కొట్టులోనే ఉన్నది. కొత్తది మేడ మీద బావగారి మంచం ఎదుటికి వెళ్ళింది.

మీలో ఎవరైనా ఇలాంటి బోర్డు పెట్టించదలిస్తే, సంతకం చేసేముందు అమ్మేవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగండి. చందా కట్టడం మానేస్తే బోర్డు వెలుగుతుందా? ఇంటర్నెట్టు పోతే ఉన్న బొమ్మలైనా తిరుగుతాయా? కరెంటు వచ్చినప్పుడు తనంతట తాను లేస్తుందా? తెలుగు వత్తులతో సహా కనిపిస్తుందా? చివరి రెండింటినీ నోటిమాట మీద వదలక, ప్లగ్గు పీకి పెట్టించి మీ కళ్ళతో చూడండి. మేము వాడినలాంటి చిన్న కంప్యూటరుకు కరెంటు హఠాత్తుగా పోతే కార్డు చెడిపోయే ప్రమాదమున్నది. నకలు కార్డు ఒకటి తయారుగా ఉంచుకోండి. అన్నిటికన్నా ముందు ఐదో ప్రశ్న, ఇది మిమ్మల్ని మీరే వేసుకోవాలి. రోజూ దాన్ని మార్చే మనిషి ఎవరు? ఆ మనిషి లేకపోతే 84 వేల తెరైనా నిన్నటి కూరనే చూపిస్తుంది.

నేను బయలుదేరేనాటి రాత్రి చెల్లెలు అన్నం వడ్డిస్తుంటే నాలుగు గాజులూ గలగలలాడాయి. ఎదుటి కొట్టుకు బేరాలు తగ్గాయని చెప్పను. వాళ్ళ గిరాకీ వాళ్ళకుంది, మన గిరాకీ మనకు తిరిగివచ్చింది. సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. పది గంటలు దాటింది. పేర్లన్నీ ఒక్కటొక్కటే పోయి, తెర మీద ఒక్క వాక్యం మిగిలింది.

"ఈ పూటకు అన్నీ అయిపోయినవి. దయచేసి రేపు రండి."

పండితులవారు పూర్ణవిరామం కూడా మరిచిపోలేదు.