పిండి గుర్రం, కాగితపు గుర్రం

తత్త్వగ్రంథాన్ని తెలుగు చేయడం కంటే వంటింటి చిట్కాను తెలుగు చేయడం కష్టమని నేను అంటే మిత్రులు నవ్వుతారు. తత్త్వానికి సంస్కృతం అండగా ఉన్నది. బ్రహ్మము, జగత్తు, మిథ్య అని వ్రాసుకొంటూ పోవచ్చును. గిన్నెలోని పిండికి, గూట్లోని డబ్బాకు, వాటితో ఆడుకొనే చేతులకు అటువంటి అండ ఏదీ లేదు.

ఇటీవల నా బల్లమీదికి వచ్చిన ఒక చిన్న అమెరికను వ్యాసం ఈ సంగతిని మరల జ్ఞప్తికి తెచ్చినది. గుర్రాలంటే ప్రాణం పెట్టే స్నేహితులకు క్రిస్మస్ కానుకగా ఇవ్వడానికి, స్వల్పమైన ఖర్చుతో ఇంట్లోనే గుర్రపు బొమ్మలు చేసి చెట్టు కొమ్మలకు వ్రేలాడగట్టే విధానం అందులో ఉన్నది. రెండు పుటలైనా లేదు. ఒక పూట పని అనుకొన్నాను. మొదటి మాట దగ్గరే కలం ఆగినది. ఇంగ్లీషువారి 'ఆర్నమెంటు'కు నిఘంటువులు ఆభరణమనీ, భూషణమనీ అర్థం చెబుతాయి. ఆభరణమనగానే మన పాఠకురాలికి మెడ, ముక్కు, చెవులు గుర్తుకు వస్తాయి గాని చెట్టుకొమ్మ రాదు. తోరణం అందామా అంటే అది వరుసగా కట్టేది. ఇది ఒంటిగా వ్రేలాడేది. చివరకు 'వ్రేలాడు బొమ్మ' అని వ్రాసుకొని ముందుకు సాగాను.

అసలు క్రిస్మస్‌కూ గుర్రానికీ సంబంధమేమిటని పాఠకులు అడుగవచ్చును. బెత్లెహేము పశువుల పాకను చిత్రించిన వారు ఎద్దును, గాడిదను పెట్టారు. తూర్పు దేశపు జ్ఞానుల వెంట ఒంటెలను నడిపించారు. గుర్రానికి అక్కడ చోటు లేదు. దానికి చోటిచ్చినది ఉత్తర ఐరోపాలోని చలికాలం. డిసెంబరులో దారులు మంచుతో పూడిపోయే ఆ దేశాలలో అడవి నుండి కట్టెలు లాగుకొని వచ్చినా, చక్రాలు లేని మంచుబండి మీద కుటుంబాన్ని గుడికి చేర్చినా గుర్రమే చేయాలి. పల్లెవాడికి అది సగం ఆస్తి. కనుక చలికాలపు రాత్రులలో నెగడు ముందు కూర్చున్నవాడి చేతికి కత్తి, చెక్కముక్క దొరికితే గుర్రమే పుట్టేది.

స్వీడన్ నడుమ దాలర్నా అనే సీమ ఉన్నది. అక్కడి మోరా పట్టణ పరిసర గ్రామాలలో, పెట్టెలూ బల్లలూ చేయగా మిగిలిన చెక్కముక్కలతో పిల్లలకు గుర్రాలు చెక్కి ఇచ్చే అలవాటు కొన్ని శతాబ్దాల నాడే ఉండేది. పొట్టి కాళ్లు, బలిసిన మెడ, ఎర్రని ఒళ్లు. జీను ఉండవలసిన చోట తెలుపు, పచ్చ, నీలం రంగులలో పూలు, ఆకులు. ఒకే కుంచెకు రెండు రంగులు అద్ది ఒక్క విసురులో రేక గీయడం అక్కడి చిత్రకారుల నేర్పు. ఆ గుర్రాలు క్రమంగా ఇల్లు దాటి, సరుకులకు మారకంగా చేతులు మారడం మొదలుపెట్టాయి. 1920ల దశకంలో నూస్నెస్ గ్రామంలో ఓల్సన్ కుటుంబపు వారు వాటికి కార్ఖానాలు పెట్టారు. 1939లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ మందిరం వద్ద మనిషిని మించిన ఎత్తున ఒక దాలర్నా గుర్రాన్ని నిలబెట్టగా, అమెరికా అంతా దానికోసం ఎగబడ్డది. తండ్రి బిడ్డకు చెక్కి ఇచ్చిన చిత్తుచెక్క ఈ విధంగా ఒక దేశానికి గుర్తు అయినది. సన్నని పలకలో కోసిన ఆ ఎర్రగుర్రాలే నేడు క్రిస్మస్ చెట్లమీద ఊగుతుంటాయి.

ఇక రెండవ చిక్కుముడి 'ఇనెక్స్‌పెన్సివ్' అనే విశేషణం. చవక అంటే సరిపోతుంది గదా అనిపిస్తుంది. కాని తెలుగులో ఆ మాటకు ఒక చెడ్డ వాసన ఉన్నది. 'చవకబారు' దాని కడుపున పుట్టినదే. పైగా క్రిస్మస్ బొమ్మల చరిత్రలో చవక అనేది అంత నిర్దోషమైన మాట కూడా కాదు.

జర్మనీలో చెక్ సరిహద్దు వెంబడి ఎర్ట్స్‌గెబిర్గె అనే కొండలున్నాయి. ఖనిజ పర్వతాలని ఆ పేరుకు అర్థం. అక్కడి సైఫెన్ గ్రామస్థులు తగరం త్రవ్వి బ్రతికేవారు. గనులు సన్నగిల్లిన పిమ్మట కొయ్యపనిలోకి వచ్చారు. వారు కనిపెట్టిన ఒక ఉపాయాన్ని తలచుకొంటే నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. పచ్చి కొయ్య మొద్దు నుండి కోసిన గుండ్రని పలకను తరిమెన మీద త్రిప్పుతూ, లోపలా బయటా గాడులు పెట్టుకొంటూ పోయి ఒక చక్రంవంటి వలయాన్ని తీస్తారు. చూడడానికి అది ఉత్త వలయమే. దానిని ఎక్కడ నిలువునా చీల్చినా చీలిక అంచు గుర్రం ఆకారంలో ఉంటుంది! కేకును కోసినట్లు పలుచగా చీల్చుకొంటూ పోతే ఒక్క వలయంలో నుండి పదుల కొద్దీ గుర్రాలు బయటపడతాయి. కోసేవాడికి లోపలి గుర్రం కనబడదు, చేతికి తెలియాలి.

అంత నేర్పు ఉండి కూడా ఆ ఇళ్లకు మిగిలినది స్వల్పం. చీలికలకు చెవులు, తోకలు అతికించి రంగులు వేసే పనిలో ఇంటిల్లిపాదీ, పసిపిల్లలతో సహా కూర్చునేవారు. పిల్లల శ్రమను లెక్కలో వేయనందువల్లనే పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ బొమ్మలు దూరదేశాల దుకాణాలలో అంత చవకగా దొరికేవి. నేడు ప్రపంచపు క్రిస్మస్ సామగ్రిలో పెద్ద భాగం చైనాలోని యీవూ నగరపు విపణి గుండా వెళుతున్నది. చవకదనం ఊరు మార్చుకొన్నది, అంతే. అందువల్ల నా అనువాదంలో 'చవక' కొట్టివేసి 'ఖర్చు తక్కువ' అని వ్రాశాను. బొమ్మ చేసినవారే ఆ శ్రమను తమదిగా భరించి, ఇష్టపూర్వకంగా ఒకరికి ఇచ్చినప్పుడు మాత్రమే ఆ మాట సక్రమంగా అతుకుతుందని నా అభిప్రాయం.

మూడవ ఇబ్బంది నన్ను బల్ల దగ్గర నుండి లేపి వంటింట్లోకి నడిపించినది. ఆ అమెరికను విధానం ప్రకారం రెండు గిన్నెల గోధుమపిండికి ఒక గిన్నె ఉప్పు చేర్చి, సుమారు గిన్నెడు నీటితో ముద్ద చేసి, అప్పడంకర్రతో ఒత్తి, గుర్రం ఆకారపు రేకు అచ్చుతో కోసి, సన్నని సెగ గల ఓవెనులో కొన్ని గంటలసేపు ఎండనివ్వాలి. ఇది విన్న మా అత్తగారు, "తినే పిండిలో తినలేనంత ఉప్పు పోసి బొమ్మలు చేస్తారటమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. అమెరికాలో పిండి ఒక సరుకు. మా అత్తగారికి అది అన్నం. మాటకు మాట పెట్టి అనువదిస్తే ఆ వ్యాసం తెలుగు పాఠకురాలికి దుబారా నేర్పుతుంది. అదిగాక ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకొనే పదార్థం. మన కోస్తా ఊళ్ల సముద్రపు గాలికి పిండి గుర్రం మెత్తబడి కాళ్లు చాపుతుంది.

అప్పుడు చేట గుర్తుకు వచ్చినది. కొత్త చేట కొన్నప్పుడు మన ఇళ్లలో పూర్వం ఏమి చేసేవారు? పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును సందులు పూడేటట్లు పూసి ఎండబెట్టేవారు. అదే గుజ్జును బిందె బోర్లించి దానిపై మెత్తి బుట్టలు చేసుకొన్న అవ్వలు ఎందరో. ఖర్చు లేదు, అన్నానికి అపచారం లేదు, మెంతుల చేదుకు పురుగు రాదని పెద్దల మాట. ఆంగ్లంలోని ఆ ఉప్పుపిండికి సరియైన తెలుగు ఈ కాగితపు గుజ్జేనని నాకు తోచినది. వ్యాసంలో ఆ భాగాన్ని తిరిగి వ్రాశాను.

చేసే విధానం ఇది. పాత వార్తాపత్రికలను గోరంత ముక్కలుగా చించి రెండు రాత్రులు నానబెట్టండి. మిక్సీలో కాగితపు పీచు చుట్టుకొంటుంది. రోలు ఉన్నవారు రోటినే నమ్ముకొనడం మేలు. నాలుగైదు పెద్ద కాగితాల గుజ్జుకు ఒక పిడికెడు మెంతులు చాలును. మెంతులను విడిగా ఒక రాత్రి నానవేసి, జిగురు సాగేదాకా మెత్తగా రుబ్బి, నీరు పిండివేసిన గుజ్జులో కలిపి చపాతీ ముద్దలా మర్దించాలి. రేకు అచ్చు అవసరం లేదు. పెండ్లిపత్రిక అట్టమీద గుర్రం బొమ్మ గీసి కత్తిరించుకొని, అరవ్రేలి మందాన ఒత్తిన గుజ్జుమీద ఆ అట్ట పెట్టి కత్తి మొనతో చుట్టూ కోయండి. కాళ్లు సన్నగా వస్తే లోపల చీపురుపుల్ల ముక్కలు దూర్చండి. కంటికి లవంగపు మొగ్గ. జూలుకు గోనెపీచు. పచ్చిగా ఉన్నప్పుడే మెడ పైభాగాన అగ్గిపుల్లతో రంధ్రం చేయడం మరువరాదు. ఎండిన పిమ్మట చేయబోతే గుర్రం రెండవుతుంది. మొదటి రోజు నీడలో, తరువాత రెండు మూడు రోజులు ఎండలో, అటూ ఇటూ త్రిప్పుతూ ఆరబెట్టాలి. ఒకేసారి ఎండకు పెడితే వంకరపోతుంది.

సిరా వల్ల బొమ్మ బూడిదరంగులో వస్తుంది. సుద్దపొడిని తుమ్మజిగురు నీటిలో కలిపి ఒక పూత వేయండి. దానిమీద జాజు. దాలర్నా గుర్రపు ఎరుపుతో పాటే ప్రసిద్ధికెక్కిన మరొక ఎరుపు ఆ సీమలో ఉన్నది. ఫాలూన్ రాగిగని మట్టి నుండి తీసే ఆ రంగును స్వీడన్‌లో చెక్క ఇళ్ల గోడలకు పూస్తారు. దాని ఎరుపు ఇనుప ఆక్సైడుది. మన అరుగులకూ గోడలకూ పూసే జాజు కూడా అదే జాతిది. రెండు దూరదేశాల పల్లెలు చెప్పుకోకుండానే ఒకే రంగును గోడకెక్కించాయి. జాజు ఆరిన తరువాత సన్నని పుల్లతో తెల్లని ముగ్గు వేస్తే జీను సిద్ధం. అక్కడివారి పూలతీగ కంటే మన చుక్కలముగ్గు ఏమీ తీసిపోదు.

ఈ విధానాన్ని మొదట పరీక్షించినది మా వీధి చివర కుట్టుపని చేసుకొనే ఒకావిడ, ఆమె కూతురు. ఆ అమ్మాయి నర్సింగు చదువుతూ హాస్టలులో ఉంటున్నది. తోటి విద్యార్థినులు పదకొండుమంది; పండుగకు అందరికీ ఏదో ఒకటి ఇవ్వాలి. తల్లికి మాత్రం ఈ ఆలోచన మింగుడుపడలేదు.

"అక్కయ్యగారూ, కొన్న వస్తువైతే దాని ధర ఎంతో ఎవరికీ తెలియదు. చేతితో చేసి ఇస్తే మన దగ్గర డబ్బు లేదని మనమే చెప్పుకొన్నట్లు కాదూ?" అన్నది.

దాలర్నా, సైఫెన్ కథలన్నీ తెలిసిన నేను ఆ మాటకు ఏమీ బదులు చెప్పలేకపోయాను. లేనివారు ఇచ్చే కానుకలో ఉండే బెరుకును అంత సూటిగా చెప్పిన వాక్యం నేను చదివిన ఆంగ్ల నవలలలో కూడా తారసపడలేదు. బదులు ఇచ్చినది కూతురే, అదీ మాటలతో కాదు. నేను ఇచ్చిన అట్టను ప్రక్కన పెట్టి తానే వేరొక గుర్రాన్ని గీసింది. వంగిన మెడ, లోతుకుపోయిన డొక్క, నుదుట కుచ్చు, మెడలో గజ్జెలపట్టీ. పొట్టి కాళ్ల స్వీడన్ గుర్రం ఎక్కడా లేదు; అచ్చం జట్కా గుర్రం.

ఆ అమ్మాయి తాత జట్కా తోలేవాడు. హాస్టలులో మాత్రం తాతగారు రవాణా రంగంలో ఉండేవారని చెప్పుకొన్నదట.

పన్నెండు గుర్రాలు చేసింది. డొక్కలో ప్రక్కటెముకలను గోటితో నొక్కింది. తల్లి మౌనంగా చూచి చూచి, మూడవ రోజున జాకెట్ల గుడ్డపేలికలు తెచ్చి పగ్గాలు కుట్టడం మొదలుపెట్టింది. తాత ఎన్ని గుర్రాలు మార్చినా అన్నింటినీ 'రాజు' అనే పిలిచేవాడట. ప్రతి బొమ్మ పొట్టమీద ఆ పేరే వ్రాశారు. ఖర్చు లెక్క చూస్తే మెంతులు, జాజు, సుద్ద, లవంగాలు. దారం ఇంటిదే.

పండుగ నాటికి వచ్చిన కబురు ఇది. హాస్టలులో చెట్టు లేదు గనుక గుర్రాలను మంచాల దోమతెర కర్రలకు కట్టుకొన్నారు. ఈ గుర్రం ఇంత బక్కగా ఉన్నదేమిటని ఒక అమ్మాయి అడిగితే, అది రోజూ రైల్వేస్టేషనుకు ఎన్ని తడవలు తిరిగేదో ఈమె లెక్కగట్టి చెప్పిందట. బస్సు ప్రయాణంలో ఒక గుర్రానికి ముందుకాలు విరిగినది. దానిని ఎవరికి ఇవ్వడానికీ మనసొప్పక, తనకోసం దాచుకొన్న మంచి గుర్రాన్ని ఇచ్చివేసి, కుంటిదానిని తన మంచానికి కట్టుకొన్నదట. మెంతిపిండి కొంచెం పంపించమని తల్లికి చెప్పింది.