బోరు లెక్క ఊరి చేతిలో ఉండాలి

కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజం నుంచి యురేనియం తీయడానికి సోడియం కార్బనేట్, బైకార్బనేట్ వాడతారు. వ్యర్థాలు కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరతాయి. బోర్ల నీళ్లు చెడి అరటి ఎండిపోతోందని చుట్టుపక్కల రైతుల ఫిర్యాదు. తమ వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ వాదన. ఈ తగువు తెగాలంటే బోర్ల నీళ్లకు నెలనెలా లెక్క కావాలి. ఆ లెక్క ఊరే రాసుకోవచ్చని, బడిలో సైన్సు చెప్పి రిటైరైన నా మాట.

ఆ లవణాలు బోర్లలోకి చేరితే నీళ్లలో ఉప్పు పెరుగుతుంది; ఉప్పు పెరిగితే కరెంటు సులువుగా పారుతుంది. దాన్ని కొలిచే ఆసిలేటర్ చేయడానికి 40106 అనే ఇన్వర్టర్ చిప్పు, ఒక కెపాసిటర్, రెండు స్టీలు కడ్డీలు చాలు. కడ్డీల మధ్య నీరే రెసిస్టర్. ఉప్పు ఎక్కువైతే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. బ్యాటరీ నేరుగా కలిపితే కడ్డీల మీద బుడగలు లేచి అంకె తప్పుతుంది. దిశ మారే కరెంటుతో ఆ బాధ తక్కువ. ఫ్రీక్వెన్సీని వాహకత అంకెగా మార్చడానికి తెలిసిన ద్రావణం కావాలి: లీటరు ద్రావణంలో 0.746 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటే, 25 డిగ్రీల దగ్గర వాహకత సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్. డిగ్రీకి సుమారు 2 శాతం తేడా వస్తుంది, కాబట్టి నీటి వేడీ రాయాలి.

"మీటర్లు కొంటే దొరుకుతాయి కదా సార్?" అంటారు పిల్లలు. దొరుకుతాయి. కానీ చేత్తో చేసినోడికే ఆ అంకెను ఎప్పుడు నమ్మకూడదో తెలుస్తుంది. ఈ పరికరం యురేనియాన్ని చూపదు. దానికి ల్యాబే దిక్కు. ఏ బోరు నీళ్లు ముందు ల్యాబుకు పంపాలో మాత్రం చెబుతుంది. పంచాయతీ గోడ మీద ఆ అంకెలు రాయించండి. కాలుష్య నియంత్రణ మండలి తన అంకెలూ పక్కనే రాయాలి.