అరిసెల మీద తీర్పు

గట్టి విశ్వాసి అంటే ప్రతిదానికీ తీర్పు సిద్ధంగా పెట్టుకున్నవాడని మన సంఘాల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. సంక్రాంతికి పక్కింటి పిన్నిగారు అరిసెలు పంపితే తిప్పి పంపాలి. స్నేహితురాలి పెళ్లిలో బొట్టు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాలి. పూలు, నగలు, సినిమా, దేని గురించి అడిగినా జవాబు తడుముకోకుండా రావాలి. తటపటాయించాడా, లోకంతో రాజీ పడ్డాడంటారు. ఇంకాస్త వేడెక్కితే లవొదికయ సంఘాన్ని ఎత్తుకొచ్చి ‘నులివెచ్చని క్రైస్తవుడు’ అని ముద్ర వేస్తారు.

ఆ లవొదికయ సంగతే ముందు తేల్చుకుందాం. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ఆ సంఘం మీద మోపిన నేరం ఏమిటి? తమకు అన్నీ ఉన్నాయని, దేనికీ కొదవ లేదని మురిసిపోవడం, తమ గుడ్డితనం తమకే తెలియకపోవడం. ఎదుటివాడి మీద ఆ వచనం విసిరేవాళ్లు దాని కిందిది కూడా చదివితే విసరడానికి చెయ్యి లేవదు.

ఇక అరిసెలు. పౌలు నాటి కొరింథులోనూ ఇదే తగువు. గుళ్లలో బలిచ్చిన పశువుల మాంసం బజారుకూ వచ్చేది. కొనొచ్చా, తినొచ్చా? మొదటి పత్రిక పదో అధ్యాయంలో పౌలు చెప్పిన జవాబు సంసారపక్షంగా ఉంటుంది. అవిశ్వాసి భోజనానికి పిలిచాడు, వెళ్లాలనిపించింది, వెళ్లు. వడ్డించింది తిను, ఆరాలు తియ్యకు. ఇది బలిగా అర్పించిందని ఎవరైనా చెబితే అప్పుడు మానెయ్యి, అదీ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. పిన్నిగారి చేతిలో పళ్లెం ఉండగానే, దాని మీద కప్పిన గుడ్డ తియ్యకముందే, ‘దేవుడి దగ్గర పెట్టారా?’ అని గుమ్మంలో నిలబెట్టి అడగడం మనం ఏ పత్రికలో నేర్చుకున్నామో!

వద్దనేవాళ్లకు ఆధారం లేదని నేననను. యెరూషలేములో అపొస్తలులు కూడి చేసిన తీర్మానంలో విగ్రహాలకు అర్పించినవి మానమని ఉంది. ఆ విషయంలోనే పెర్గము, తుయతైర సంఘాలకు చీవాట్లూ పడ్డాయి. అందుకే రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయం రెండు వైపులా కోస్తుంది. తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు, తినేవాడు తిననివాణ్ని చులకన చెయ్యకూడదు. ఈ రెండో మాట, నాలుగు పుస్తకాలు చదివి పట్నం చేరి, పల్లెలో ముసుగు వేసుకుని కన్నీళ్లతో ప్రార్థించే అమ్మమ్మలను చూసి నవ్వేవాళ్లకు గట్టిగానే తగలాలి.

‘ఇలా అన్నిటికీ సర్దుకుపోతే చివరికి మిగిలేదేముంది?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు అంతియొకయలో దొరుకుతుంది. అక్కడ పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యాకోబు దగ్గరినుంచి మనుషులు రాగానే వాళ్లకు భయపడి వేరే పంక్తికి జరిగాడు. బర్నబా కూడా ఆయన వెంటే పోయాడు. పౌలు అందరి ముందూ, మొహం మీదే పేతురును నిలదీశాడు. ఏం తినాలన్న దగ్గర అంత ఓర్పు పట్టిన మనిషి, ఎవరితో తినాలన్న దగ్గర ఇసుమంత కూడా తగ్గలేదు.

మనం దీన్ని చక్కగా తిరగేసుకున్నాం. అరిసెల దగ్గర నిక్కచ్చి, కులం దగ్గర దీర్ఘశాంతం.

ఒంగోలు చరిత్ర ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. 1866లో అక్కడికొచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు ఈ మెలికే పడింది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు తేల్చేశారు. క్లౌ దంపతులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కొరింథీయుల మొదటి పత్రికలో దేవుడు నీచులను ఎన్నుకున్నాడన్న చోటే తెరిచారని చెబుతారు. మాదిగలను చేర్చుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మొండితనం చూపాల్సింది అలాంటి చోట.

ఇప్పుడో? గుంటూరు, ప్రకాశం వైపు ఏ మిషనో చెబితే ఏ కులమో పోల్చేసేవాళ్లు ఉన్నారు. రెడ్డి క్రైస్తవులం, కమ్మ క్రైస్తవులం అని చెప్పుకోవడానికి ఎవరికీ నోరు తడబడదు. సంబంధాలు చూసేటప్పుడు ‘ప్రభువులో ఉన్న పిల్లయితే చాలండీ’ అని మొదలుపెట్టి, కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా ‘మనవాళ్లే అయితే ఇంకా మంచిది’ అని గొంతు తగ్గిస్తారు. పక్కనే కూర్చున్న సంఘపెద్ద తల ఊపుతాడు.

పెళ్లిలో బొట్టు పెట్టించుకుందని ఒక పిల్లను ప్రభువు బల్లకు దూరంగా కూర్చోబెట్టడం చాలామందికి తెలిసిన సంగతే. కులం కుదరలేదని బాప్తిస్మం పొందిన పిల్లాణ్ని కాదన్న తండ్రికి రొట్టె, ద్రాక్షారసం ఆపిన పాస్టరుగారు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆయన ప్రసంగం వినడానికి ఎంత దూరమైనా వస్తాను.