“ఏ స్కూల్?” అని అడిగే స్కేట్‌పార్కు

స్కేట్‌పార్కులో కులం ఉండదని ఇప్పటిదాకా నాతో వాదించిన వాళ్లందరికీ ఇంట్లో సొంత బోర్డు ఉంది. ఆ మాట అనేది వాళ్లే ఎందుకో ఆలోచించాలి.

నేను సూరత్‌లోని లింబాయత్‌లో పెరిగిన మాదిగ బిడ్డను. నల్లగొండ నుంచి వలస వచ్చిన మా నాన్న పన్నెండు గంటల పాలీల్లో సాంచాల మీద పనిచేసి మమ్మల్ని చదివించాడు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన నేత కార్మికులు, ముఖ్యంగా పద్మశాలీలు, మా చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది.

పోయిన చలికాలంలో మా అక్క కొడుకు కబాడీ దుకాణంలో పాత స్కేట్‌బోర్డు ఒకటి సంపాదించాడు. ఒక ఆదివారం వాణ్ని తీసుకుని తాపీ అవతలి ఒడ్డున ఉన్న ఒక పార్కుకు వెళ్లాను. నున్నటి నేల, రెండు చిన్న ర్యాంపులు. అందరికీ ప్రవేశం ఉందని గేటు దగ్గరే రాసి ఉంది. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. ఒక కుర్రాడు చాలా మర్యాదగా అడిగాడు: “ఏ స్కూల్?” మావాడు “మున్సిపాలిటీ, తెలుగు మీడియం” అన్నాడు. మాట అక్కడితో ఆగింది.

ఆ తర్వాత గంటసేపు వాడి వంతు రాలేదు. వరుస తప్పించి ముందు దూరడాన్ని స్కేటర్లు స్నేకింగ్ అంటారు, పెద్ద తప్పుగా చూస్తారు. వాడి ముందు ఎంతమంది దూరినా ఒక్కరికీ ఆ తప్పు కనబడలేదు. చివరికి వాచ్‌మన్ వచ్చి “ఎవరితో వచ్చావు?” అని వాడినే అడిగాడు. మిగతా పిల్లల్లో ఎవరినీ అలా అడగలేదు.

మన వాళ్లు ఇంటిపేరు అడిగి కులం తెలుసుకుంటారు. గుజరాత్‌లో ఊరు అడిగి తెలుసుకుంటారు. ర్యాంపు మీద స్కూలు పేరు అడిగితే చాలు, కులమూ వర్గమూ భాషా ఒక్క దెబ్బకు తెలిసిపోతాయి. (సూరత్‌లో “మనం మనం తెలుగోళ్లం” అని భుజం మీద చెయ్యేసి, మరుక్షణం “ఇంతకీ మీరేమిట్లు?” అని అడిగే పెద్దమనుషులను కూడా చూశాను. కాబట్టి ఇది గుజరాతీల మీద ఫిర్యాదు మాత్రమే కాదు.)

“ఎవరూ వెళ్లగొట్టలేదు కదా, నీకు అలా అనిపించిందేమో” అని ఒక పరిశోధక మిత్రుడు అన్నాడు. ఆయనకు మహద్ గుర్తు చేశాను. బహిరంగ నీటి వనరులు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటి ఏడాది మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువును తెరిచినట్టు ప్రకటించింది. కాగితం మీద చెరువు అందరిదీ అయింది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. ఆ తర్వాత సవర్ణులు చెరువును ‘శుద్ధి’ చేశారు. హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937 అయింది. గేటు మీద రాత ఎంత దూరం పనిచేస్తుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాజ్యాంగం 15(2) అధికరణ బావులు, చెరువులతో పాటు రోడ్లను, ప్రజాధనంతో నడిచే ప్రజా విహార స్థలాలను కూడా పేర్కొంటుంది. ర్యాంపు ఆ జాబితాలోకి రాదని ఎవరైనా చెప్పగలరా?

స్కేటింగ్ తిరుగుబాటు సంస్కృతి అనే వాదన ఇంకొకటి. 1970లలో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఎండిపోయిన స్విమ్మింగ్ పూల్స్‌లోకి గోడ దూకి స్కేట్ చేసిన పిల్లల కథ నిజమే. పరాయి గోడ దూకిన తెల్ల పిల్లవాడు అక్కడ తిరుగుబాటుదారుడు. లింబాయత్ పిల్లవాడు తెరిచిన గేటులోంచి నడిచి వచ్చినా ఇక్కడ అనుమానితుడే.

మరో రకంగా జరగదా అంటే, జరిగింది. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్‌లో 2015లో ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్‌పార్కు కట్టించింది. గోండు ఆదివాసీ పిల్లలు, యాదవ పిల్లలు ఒకే ర్యాంపు మీదికి వచ్చారు. ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్లింది. అక్కడ రెండు నియమాలు పెట్టారు: ఆడపిల్లలు ముందు, బడికి పోకపోతే స్కేటింగ్ లేదు. నా దృష్టిలో కాంక్రీటు కంటే ఆ మొదటి నియమమే ఎక్కువ పని చేసింది. వంతు ఎవరిదో ముందే రాసిపెట్టకపోతే, వంతు ఎప్పుడూ బలవంతుడిదే. క్యాంపస్‌లో రిజర్వేషన్ మీద పోట్లాడే మనకు ఇది కొత్త సంగతి కాదు. అయితే బయటినుంచి ఎవరో వచ్చి ఉద్ధరించాలన్న ఆ పద్ధతితో నాకు పేచీ ఉంది. 2021లో వచ్చిన ‘స్కేటర్ గర్ల్’ సినిమాలోనూ లండన్ నుంచి ఒకామె రావాల్సి వచ్చింది. మన పిల్లలకు ర్యాంపు వేయడానికి కార్పొరేషన్‌కు పన్ను డబ్బులు చాలు.

2023 స్వచ్ఛ్ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్ల పిల్లలు, సాంచాలు నడిపేవాళ్ల పిల్లలు బతికే లింబాయత్, ఉధ్నాల్లో ర్యాంపులు కట్టాలి. బోర్డులు, హెల్మెట్లు అక్కడే ఉచితంగా ఇవ్వాలి. వంతుల నియమాన్ని గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీల్లో రాసి పెట్టాలి. పబ్లిక్ స్పేస్ మీద థీసిస్‌లు రాస్తున్న మిత్రులు ఒక సాయంత్రం అలాంటి చోట కూర్చుని, ఎవరి పిల్లలు ర్యాంపు మీద ఉన్నారో, ఎవరి పిల్లలు అంచున నిలబడ్డారో లెక్కపెట్టండి. ఆ లెక్క మాకు పంపండి, అర్జీతో జత చేస్తాం.

మావాడు ఇప్పుడు రాత్రిపూట కార్ఖానాల వెనక రోడ్డు మీద తిరుగుతున్నాడు. గుంతలెక్కువ. బోర్డు చక్రం ఒకటి విరిగింది. వచ్చే ఆదివారం మళ్లీ తాపీ దాటుతున్నాం. ఈసారి ఏడుగురం, బోర్డులు రెండు.