ఒక వోల్టుకు ఒక స్థాయి

"ఈ ఘాతాంకాల లెక్కలు దేనికి పనికొస్తాయి మాస్టారూ?" అని మీలో చాలామంది అడుగుతూ ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఒక సంగీత వాద్యంలో ఉంది.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఇంజనీరు, హెర్బర్ట్ డాయిచ్ అనే స్వరకర్తతో కలిసి ఒక ఎలక్ట్రానిక్ వాద్యాన్ని తయారుచేశాడు. అదే మూగ్ సింథసైజరు. దానిలో తీగలు లేవు, ఊదే గొట్టం లేదు. ఉన్నవి విడివిడి విద్యుత్ విభాగాలు. ఒకటి కంపనాలను పుట్టిస్తుంది. ఇంకొకటి వాటిలో కొన్ని పౌనఃపున్యాలను వడగడుతుంది. మరొకటి ధ్వని తీవ్రతను పెంచి తగ్గిస్తుంది. వీటిని వైర్లతో కావలసిన వరుసలో కలుపుకోవచ్చు. అన్నిటినీ అదుపుచేసేది వోల్టేజి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మధ్యస్థాయి షడ్జమం 220 హెర్ట్జ్ అనుకుందాం. తారస్థాయి షడ్జమం 440, ఆ పైది 880. అంటే స్థాయి మారినప్పుడల్లా పౌనఃపున్యం రెట్టింపు కావాలి. మూగ్ పెట్టుకున్న నియమం ఇది: ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి. మూడు వోల్టులు పెరిగితే 2×2×2, అంటే 8 రెట్లు. వోల్టులలో కూడిక, పౌనఃపున్యంలో గుణకారం!

ఈ మార్పు చేసిపెట్టేది ట్రాన్సిస్టరు. గది ఉష్ణోగ్రత వద్ద దాని బేస్, ఎమిటర్‌ల మధ్య వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే చాలు, కలెక్టరు ప్రవాహం రెట్టింపవుతుంది. కనుక ఒక వోల్టును 18 మిల్లీవోల్టులకు తగ్గించి దానికి అందిస్తారు. ఆ ప్రవాహం కెపాసిటరును ఎంత త్వరగా నింపితే కంపనాలు అంత వేగంగా వస్తాయి. అయితే ట్రాన్సిస్టరు గుణం ఉష్ణోగ్రతతో మారుతుంది. అందుకే ఆ తొలి వాద్యాలు వేడెక్కితే శ్రుతి తప్పేవి.

చూశారా! ఘాతాంకాలు, ధ్వని, విద్యుత్తు, ఉష్ణం అన్నీ ఒకే వాద్యంలో ఉన్నాయి. మనం మాత్రం వీటిని వేర్వేరు అధ్యాయాలుగా, వేర్వేరు మార్కుల ప్రశ్నలుగా చదువుతున్నాం. ఉపాధ్యాయులమైన మేమూ అలాగే చెబుతున్నాం. ఇది సరికాదని నా అభిప్రాయం. "సిలబస్ పూర్తికావద్దా?" అని తోటి ఉపాధ్యాయులు అనవచ్చు. పూర్తికావాలి, నిజమే. కాని అధ్యాయాలను కలిపి చూపడానికి నెలకు ఒక్క పీరియడు చాలు. ఆ పీరియడు లేకపోతే పాఠాలు పరీక్ష దాకా గుర్తుంటాయి, ఆ తరువాత ఉండవు.

కనుక పిల్లలూ, ఏ పాఠం పూర్తయినా "ఇది ఇంకే పాఠంతో కలుస్తుంది?" అని ఆలోచించండి. జవాబు దొరకకపోతే మీ మాస్టారును అడగండి. ఆయనకూ వెంటనే తోచకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.